చెయ్యి ఆగే చోటు

జూన్ 3, మంగళవారం

ఈ పుస్తకం సాక్ష్యం కోసం. ఏ తారీఖున ఏం జరిగిందో రాసి పెట్టుకుంటే రేపు ఎవడూ నన్ను అబద్ధాలకోరు అనలేడు. షాపులో పెడితే వాడి కంట పడుతుంది. అందుకే ఇంట్లో, నా బైబిలు కింద పెడుతున్నాను. ఇక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు.

సంగతేమిటంటే, రెండు వారాల్లో మూడు బండ్లు వెనక్కి వచ్చాయి. మూడింటికీ ఒకటే జబ్బు. ఇంజిన్ అడుగున ఆయిలు దింపే బోల్టు పట్టే థ్రెడ్, అంటే కన్నం లోపలి మర, పోయింది. బోల్టు ఎంత తిప్పినా పట్టదు, ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఆయిలు చుక్కలు చుక్కలుగా కారిపోతుంది. మూడూ నేను ఆయిలు మార్చి, నా చేత్తో బిగించి పంపిన బండ్లే.

ముప్ఫై ఒక్క ఏళ్ల నుంచి ఈ తెనాలిలో బండ్లు బాగుచేస్తున్నాను. ఆశీర్వాదం బిగించాడంటే ఇంక చూసుకోనక్కర్లేదని జనం అంటారు. బోల్టు బిగిస్తూ పోతే ఒకచోట పానా "చాలు" అని చేతికి చెబుతుంది. అక్కడ ఆగాలి. ఇంజిన్ కేసు మెత్తటి అల్యూమినియం. ఇంకో పావు చుట్టు తిప్పావో, లోపల థ్రెడ్ చితికిపోతుంది. ఆ ఆగే చోటు ఏ పుస్తకమూ నేర్పదు. నా చేతికి తెలుసు. కాబట్టి నేను కాదు.

షాపులో ఉండేది ఇద్దరమే. నేను, కరుణాకర్. వాడు సుజన తమ్ముడు, అంటే నా బావమరిది. పద్నాలుగేళ్ల క్రితం పానా ఎటు పట్టుకోవాలో కూడా తెలియనివాడు. పని నేర్పాను. ఇప్పుడు బాపట్లలో సొంత షాపు పెట్టుకోవాలని చూస్తున్నాడు. ఇక్కడ నా పేరు చెడితే ఎవడికి లాభం?

నేనేమీ అనడం లేదు. రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

జూన్ 5, గురువారం

ఈరోజు ఒక్క బండి కూడా వెనక్కి రాలేదు. అదే అనుమానంగా ఉంది.

జూన్ 9, సోమవారం

నాలుగోది వచ్చింది. వీరబాబు బండి. వీరబాబు మా వరసలోనే సీట్లు కుడతాడు. పరాయివాడు కాదు కాబట్టి అరవలేదు. "ఏంటన్నా, నీ చేతిలో కూడా ఇలా జరిగితే ఇంక ఎవరికి చూపించుకోవాలి?" అన్నాడు. ఆ మాట అరుపు కన్నా గట్టిగా తగిలింది.

థ్రెడ్ పోయిన కన్నం బాగుచెయ్యడం ఓపిక పని. పాత కన్నాన్ని కొంచెం పెద్దది చెయ్యాలి. మర కోసే ట్యాపుకి గ్రీజు రాసి, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ కొత్త థ్రెడ్ కొయ్యాలి. అల్యూమినియం పొట్టంతా ఆ గ్రీజుకి అంటుకుని బయటికి వచ్చేస్తుంది. ఒక్క ముక్క లోపల పడినా ఇంజిన్ పని అయిపోయినట్టే. తర్వాత స్ప్రింగులాంటి స్టీలు కాయిల్ అందులోకి ఎక్కించాలి. ఇంక బోల్టు పట్టేది ఆ స్టీలునే, అల్యూమినియాన్ని కాదు. ముందున్న దానికన్నా గట్టిగా ఉంటుంది.

నేను ట్యాపు చేతిలోకి తీసుకున్నానో లేదో కరుణాకర్ వచ్చి లాక్కున్నాడు.

"నీకెందుకు బావా, నేను వేస్తాలే. నువ్వు ఆ కార్బొరేటర్ చూడు."

నాకెందుకట! నేను నేర్పిన పని నాకెందుకట! అయినా ఈ కాయిల్ డబ్బా మన షాపులో ఎప్పుడుంది? కొత్తది. రోగం రాకముందే మందు కొని పెట్టుకున్నవాణ్ణి ఏమనుకోవాలి?

జూన్ 11, బుధవారం

మంగాయమ్మ టీ ఈమధ్య చల్లగా ఇస్తోంది. గ్లాసు పట్టుకుంటే వేడే ఉండదు. పక్కన మా చర్చి లాజరు ఊదుకుంటూ తాగుతున్నాడు. వాడికి మాత్రం వేడివేడిగా పోస్తోంది కాబోలు. అడిగితే "అదే గిన్నెలోదయ్యా, నీకు వేరే కాస్తానా?" అని కసిరింది. మన పేరు తగ్గితే టీ కొట్టులో కూడా తెలుస్తుంది.

కొత్త చొక్కాకి దర్జీ గుండీలు మరీ చిన్నవి కుట్టాడు. పెట్టుకోవడానికి పావుగంట పట్టింది. మార్చమనాలి.

జూన్ 15, ఆదివారం

చర్చికి కరుణాకర్ రాలేదు. వరసగా ఇది మూడో ఆదివారం. సుజనని అడిగితే "వాడికి ఏదో పని ఉందట" అంది, నా మొహం చూడకుండా.

ఆరాధన అయ్యాక లాజరు చెప్పాడు. పోయిన వారం రేపల్లెలో గురవయ్య లేతు మిషను షాపు దగ్గర వాణ్ణి చూశాడట. పక్కన రెండు బండ్లు కూడా ఉన్నాయట. రెండూ మన షాపులో చూసిన బండ్లలాగే ఉన్నాయన్నాడు.

నా గిరాకీ బండ్లు రేపల్లెకి ఎందుకు వెళ్తున్నాయి? నా వెనకాల, ఆదివారం పూట, దేవుణ్ణి కూడా మానుకుని! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

జూన్ 17, మంగళవారం

అడిగేశాను. "రేపల్లెలో ఏం పని రా నీకు?" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మొహం అంతా మారిపోయింది.

"చిన్న పని బావా" అన్నాడు. తర్వాత కాసేపటికి, "ఒకసారి డాక్టరు గారికి చెయ్యి చూపించుకోకూడదూ? షుగర్ బిళ్ళలు కూడా మానేశావని అక్క చెప్పింది" అన్నాడు.

చూశారా, మాట ఎలా తిప్పాడో! నేను రేపల్లె గురించి అడిగితే వాడు షుగర్ గురించి చెబుతాడు. నేనూ మాట మార్చాను. అంతటితో అయిపోయింది.

జూన్ 20, శుక్రవారం

ఉపాయం దొరికింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను.

పసుపు రంగు పెయింటు చిన్న డబ్బా కొన్నాను. ఇవాళ్టి నుంచి నేను బిగించిన ప్రతి బోల్టు మీద నుంచి ఇంజిన్ కేసు మీదికి సన్నగా ఒక గీత. ఎవరికీ కనపడదు, బండి కిందకి దూరి చూస్తే తప్ప. ఆ తర్వాత ఎవడు పానా పెట్టి వెంట్రుకవాసి తిప్పినా గీత విరుగుతుంది. విరిగిన గీత చాలు నాకు. వాడు టిఫిన్‌కి వెళ్ళినప్పుడు రెండు బండ్లకి పెట్టాను.

జూన్ 24, మంగళవారం

రమేష్ బాబు మాస్టారు పడిపోయారు.

తెనాలి నుంచి బాపట్ల స్కూలుకి రోజూ బండి మీద వెళ్తారు. పొన్నూరు దాటాక బోల్టు ఊడిపోయింది. ఆయిలంతా వెనక టైరు మీదకి కారింది. బండి జారింది. భుజం దగ్గర ఎముక విరిగింది. వెనకాల లారీ ఉందట. డ్రైవరు బ్రేకు వెయ్యబట్టి సరిపోయింది.

పద్దెనిమిదో తారీఖున ఆయిలు మార్చింది నేనే. అప్పటికి పెయింటు లేదు. బోల్టు కూడా దొరకలేదు, ఎక్కడో రోడ్డు మీద పడింది.

ఇద్దరు పిల్లలు ఆయనకి.

జూన్ 25, బుధవారం

ఈరోజు అనేశాను. అనాల్సిందే.

మంగాయమ్మ కొట్టు దగ్గర అందరూ మాస్టారి గురించే మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్ళగానే ఆగిపోయారు. ఆ ఆగడం నేను భరించలేకపోయాను. కరుణాకర్ టీ తాగుతున్నాడు. అందరూ వింటుండగా చెప్పాను. "ఆ బోల్టు కరుణాకర్ వదులు చేశాడు. నా పేరు చెడగొట్టి బాపట్లలో షాపు పెట్టుకోడానికి, కావాలనే చేశాడు. మనిషి చచ్చిపోయినా వీడికి పట్టదు" అన్నాను.

కాదంటాడని చూశాను. అనలేదు. గ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి షాపు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. వెళ్ళిపోయాడు.

తప్పు చెయ్యనివాడు నోరెత్తకుండా వెళ్తాడా?

జూన్ 28, శనివారం

బాపట్లలో ఉన్నాడట. ఉండనీ. షాపు ప్రశాంతంగా ఉంది. ఇకమీదట ఒక్క బండి వెనక్కి రాదు.

జూలై 1, మంగళవారం

ఒకటి వచ్చింది. వాడు వెళ్ళకముందు చేసి పోయినది అయి ఉంటుంది.

జూలై 2, బుధవారం

షాపు తాళం మార్చాను. రెండో తాళంచెవి వాడి దగ్గర లేదని ఏంటి నమ్మకం?

జూలై 3, గురువారం

హనుమాన్‌ప్రసాద్ దగ్గర కొంటున్న బోల్టుల మీద అనుమానంగా ఉంది. స్పేర్‌పార్ట్స్ కొట్టు వాడిది, కరుణాకర్‌కి స్నేహితుడు. వెళ్ళి అడిగాను. "బోల్టు గట్టిదే అన్నా, పోతున్నది బోల్టు కాదుగా, కేసు" అన్నాడు. అందరూ కూడబలుక్కున్నారు.

జూలై 5, శనివారం

పసుపు గీత పెట్టిన బండి వెనక్కి వచ్చింది. అదే జబ్బు. మూడు రోజుల క్రితం కొత్త తాళం వేశాక నేను ఒక్కణ్ణే బిగించిన బండి.

బండి కింద పడుకుని టార్చి వేసి చూశాను.

గీత విరగలేదు.

జూలై 6, ఆదివారం

పెయింటు మంచిది కాదు. చవకరకం.

జూలై 7, సోమవారం

పెయింటు బాగానే ఉంది. ఇంకో బోల్టుకి రాసి, ఆరాక పానాతో కొద్దిగా కదిపి చూశాను. టప్పున విరిగింది.

జూలై 8, మంగళవారం

షాపు తియ్యలేదు. రైలెక్కి రేపల్లె వెళ్ళాను. గురవయ్య లేతు ఆపి, చేతులు తుడుచుకుని కుర్చీ వేశాడు. అరవై దాటిన మనిషి. నేను గొడవకి వచ్చానని ఆయనకి తెలిసిపోయింది.

"మా కరుణ ఇక్కడ ఏం చేస్తున్నాడండి?" అన్నాను.

"ఏం చేస్తాడు తమ్ముడూ, నీ బండ్లు బాగుచేసుకుంటున్నాడు" అన్నాడు.

నాకు కోపం రాలేదు. రావాలని చూశాను, రాలేదు.

"నువ్వు బిగించిన బండ్లన్నీ వాడు మళ్ళీ తిప్పి చూసుకునేవాడు. చితికినవి కొన్ని అక్కడే కాయిల్ వేసేవాడు. మరీ పాడైనవి ఇక్కడికి తెచ్చేవాడు, నేను కన్నంలోకి గొట్టంలాంటి బుష్షు చేసి ఇచ్చేవాణ్ణి. పదకొండు బండ్లు తెచ్చాడు. ఆదివారం పూట కూర్చుని నా దగ్గర కాయిల్ వెయ్యడం నేర్చుకున్నాడు. నీకు తెలియకూడదన్నాడు. తప్పురా, చెప్పు అన్నాను. చెప్పానండి, వినడన్నాడు."

"నేను బిగిస్తే థ్రెడ్ ఎందుకు పోతుందండి? ముప్ఫై ఒక్క ఏళ్లు..."

"కళ్ళు మూసుకో తమ్ముడూ. వేళ్ళు చాపు."

మూసుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు.

"పెట్టండి మరి" అన్నాను.

"పెట్టానయ్యా" అన్నాడు.

కళ్ళు తెరిస్తే నా వేళ్ళ కొసల మీద రెండు వాషర్లు ఉన్నాయి.

జూలై 10, గురువారం

డాక్టరు గారు సూదితో వేలు వేలునా పొడిచారు. షుగర్ మూడు వందల ఎనభై. వేళ్ళలో నరాలు మొద్దుబారాయట. ఎన్నాళ్ళనుంచి అన్నారు. తెలియదండి అన్నాను. "సంవత్సరం పైనే ఉంటుందండి" అన్నారు. కాలిన బొబ్బ ఒకటి చూపించి ఇదెప్పటిది అన్నారు. అదీ తెలియదు. బిళ్ళలు వేసుకుంటే ఇంకా పాడవకుండా ఆపొచ్చు, పోయిందంతా తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనన్నారు.

చేతికి ఆగే చోటు తెలియలేదు. అందుకే ఆగలేదు. అంతే. ఎవడూ ఏమీ చెయ్యలేదు.

సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది. ఈ చెయ్యి తప్ప నాకు వేరే చదువు లేదు.

జూలై 12, శనివారం

బాపట్ల వెళ్ళాను. సొంత షాపు అనుకున్నాను కదా. రోడ్డు పక్కన గొడుగు, గాలి పంపు, నీళ్ల తొట్టి. పంక్చర్లు వేస్తున్నాడు. గది అద్దెకి ఇస్తానన్న ఆసామి తెనాలి కబురు విని వద్దన్నాడట. మనుషుల్ని చంపే మెకానిక్కుకి గది ఎవడిస్తాడు?

వాడు లేచి నిలబడ్డాడు. ఇంత జరిగాక కూడా లేచాడు.

"ఎందుకు చెప్పలేదు రా?" అన్నాను. ముందు వచ్చిన మాట అదే. క్షమించమని అడగడానికి వెళ్ళి నిలదీశాను.

"చెప్పాను బావా. రెండుసార్లు చెప్పాను. రెండోసారి నా మీదకి పానా విసిరావు. ఇదిగో." మోచెయ్యి మీద మచ్చ చూపించాడు.

విసిరాను. నిజమే. పదిహేడో తారీఖున. ఆరోజు ఇక్కడ మాట మార్చాను అని రాసుకున్నాను.

"మరి అందరి ముందూ అంత మాట అంటుంటే కాదనలేదేంటి?"

కాసేపు ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ కూర్చున్నాడు. "బండ్లు వెనక్కి రావడం మొదలైనప్పటి నుంచి నువ్వు బిగించినవన్నీ నేను మళ్ళీ చూసేవాణ్ణి. మాస్టారి బండి ఒక్కటి వదిలేశాను. ఆయన స్కూలు టైమైందని తొందరపడ్డారు. సాయంత్రం చూద్దాంలే అనుకుని మర్చిపోయాను. నువ్వు అంటుంటే సగం నాదే అనిపించింది. ముందే నలుగురికీ చెప్పి నీ చేతిలో పానా తీసేయించాల్సింది. నీ పేరు పోతుందని దాచాను. దాచబట్టే ఆయన పడ్డాడు."

"నాతో వచ్చెయ్యరా" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు? ఆ వీధిలో నన్ను చూస్తే పిల్లల్ని పక్కకి లాక్కుంటారు. నేను చెబితే ఎవరు నమ్ముతారు బావా? నువ్వు అన్నావు, నువ్వే చెప్పాలి."

జూలై 13, ఆదివారం

మాస్టారి ఇంటికి వెళ్ళాను. భుజానికి కట్టు. చెప్పాను. "కరుణాకర్ ఆస్పత్రికే వచ్చి నాదే తప్పండి అన్నాడు. మీకు ఇరవై రోజులు పట్టింది" అన్నారు. వాళ్ళావిడ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. న్యాయమే.

జూలై 14, సోమవారం

మంగాయమ్మ కొట్టు దగ్గర చెప్పాను.

"మాస్టారి బోల్టు చెడగొట్టింది నేను. కరుణాకర్ కాదు. నా చేతికి స్పర్శ పోయింది. వాడు నా తప్పులు దిద్దుతుంటే వాడి మీద అబద్ధం చెప్పాను" అన్నాను. లాజరు తల దించుకున్నాడు. హనుమాన్‌ప్రసాద్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. బరువు దిగిపోయినట్టు అనిపించింది. ఇంటికి బయల్దేరాను.

"ఎక్కడికయ్యా?" అంది మంగాయమ్మ, గ్లాసులు కడుగుతూనే. "ఆ పిల్లాణ్ణి తిట్టిన రోజు పదిమంది విన్నారు. ఇవాళ నాతో కలిపి నలుగురే ఉన్నాం. మిగతా ఆరుగురికీ ఎవరు చెబుతారు, నేనా?"

జూలై 15, మంగళవారం

ఆటో స్టాండు దగ్గర ముగ్గురికి చెప్పాను. ఒకడు నవ్వాడు. "అయితే ఇంక నీ దగ్గర బండి పెట్టకూడదన్నమాట" అన్నాడు. పెట్టకు అన్నాను.

ఏడుగురు.

జూలై 17, గురువారం

పూలకొట్టు ఏసుబాబుకి చెప్పాను. మొత్తం విని, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఎనిమిది.

రెండు రోజులుగా ఒక్క బండి కూడా రాలేదు.

జూలై 19, శనివారం

వీరబాబు పది రోజులుగా రేపల్లెలో అత్తగారింట్లో ఉన్నాడు. వెళ్ళాను. "ఫోన్ చేస్తే సరిపోయేదిగా అన్నా, ఇంత దూరం వచ్చావు" అన్నాడు. సరిపోదు. తిట్టింది ఫోన్లో కాదు.

తొమ్మిది.

జూలై 20, ఆదివారం

పదోవాడు ఎవడో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆరోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో మనసులో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. బల్ల మీద నలుగురు, స్టాండు వైపు ముగ్గురు, నిలబడి ఒకడు, పొయ్యి దగ్గర మంగాయమ్మ. తొమ్మిదే. ఆ ముసల్ది కావాలనే ఒకటి ఎక్కువ చెప్పింది. నన్ను తిప్పడానికి.

జూలై 21, సోమవారం

మంగాయమ్మని అడిగాను. "లెక్క తప్పావు, తొమ్మండుగురే" అన్నాను. నా వైపు అదోలా చూసింది. "ఇంటికెళ్ళి అన్నం తిను" అంది.

ఇంటికి వచ్చాను. సుజన వడ్డించింది. ఈ నెల రోజులుగా నాతో అవసరానికే మాట్లాడుతోంది. తమ్ముడు దూరంగా ఉన్నాడని బెంగ అనుకున్నాను. తింటూ తింటూ చెప్పాను. తొమ్మిది మందికి చెప్పేశాను, పదోవాడు దొరకడం లేదు, దొరికితే కరుణని తీసుకొచ్చేస్తాను అన్నాను.

చారు పోస్తున్నదల్లా ఆగింది.

"ఆరోజు మీరు మజ్జిగ మర్చిపోయారని తీసుకొచ్చానండి. కొట్టు వెనకాల నిలబడ్డాను. మనిషి చచ్చిపోయినా వీడికి పట్టదు అన్నారు. నేను ఎత్తుకుని పెంచిన పిల్లాడు వాడు. మజ్జిగ పట్టుకుని అలాగే వెనక్కి వచ్చేశాను."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఊళ్ళో అందరికీ చెబుతున్నారని వింటున్నాను. రోజూ సాయంత్రం ఇవాళ నాకు చెబుతారేమో అని చూస్తున్నాను" అంది.

తొమ్మిది మంది ముందు తడుముకోకుండా చెప్పిన మాటే. కంఠతా వచ్చిన మాట. నోరు తెరిస్తే రాలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ "మాస్టారి బోల్టు" దగ్గరే ఆగిపోయాను.

సుజన గిన్నె కింద పెట్టి, పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి" అంది. "నాకేం తొందర లేదు."